గుండ్రటి గోడకు నానబెట్టిన చెక్క: ఆ సలహా నమ్మకండి

గుండ్రటి గోడ అడుగున చెక్క స్కర్టింగ్, అంటే నేల పక్కన గోడ వెంట వేసే పట్టీ, వేయడం చాలా తేలికని చెప్పే వీడియో ఒకటి కొన్ని వారాలుగా మా కోనసీమలో ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. అందులో చెప్పేవి మూడు. పట్టీని రాత్రంతా నీళ్లలో నానబెడితే పొద్దుటికి ఎలా కావాలంటే అలా వంగుతుందట. వంగకపోతే వెనుక రంపంతో గాట్లు పెడితే ఏ గోడకైనా సరిపోతుందట. టేకైతే వానాకాలంలోనూ కదలదట. ఇది నమ్మి అమలాపురంలో మా పిన్ని వాళ్లు మంచి టేకు పట్టీలు పాడుచేసుకున్నారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు నానబెట్టడం సంగతి. చెక్కలో నారలను పట్టి ఉంచే లిగ్నిన్ మెత్తబడేది వేడికి, చన్నీళ్లకు కాదు. తాళ్లరేవు వైపు పడవలు కట్టే వడ్రంగులకు ఇది కొత్త విషయం కాదు. పలకను తడిపి, సెగ చూపించి, వేడి ఆరకముందే వంచి బిగిస్తారు. ఇంట్లో ఆ పని ఆవిరితో చేయాలి. ఉజ్జాయింపుగా అంగుళం మందానికి గంటసేపు ఆవిరి పట్టాలి, బయటికి తీసిన వెంటనే వంచేయాలి. పిన్ని వాళ్లింట్లో నానిన పట్టీని గోడకు అదిమి మేకులు కొట్టారు. రెండు రోజులు బాగానే ఉంది. ఆరేకొద్దీ చివర్లు గోడను వదిలాయి. నాలుగో రోజుకు మధ్య మేకు దగ్గర నార వెంట చీలింది. ఆ చీలికలో నా గోరు దూరింది. డెల్టా ఇళ్లలో గోడల అడుగున ఎలాగూ చెమ్మ ఉంటుంది. దానికి ఈ తడి తోడై పట్టీ వెనుక పెయింట్ పొక్కులు లేచింది.

గాట్ల మాట పూర్తిగా అబద్ధం కాదు. గోడ గదిలోకి ఉబ్బి ఉంటే వెనుక గాట్లు మూసుకుంటూ పట్టీ వంగుతుంది, పని చక్కగా కుదురుతుంది. 12 మిల్లీమీటర్ల పట్టీలో 9 మిల్లీమీటర్ల లోతు కోసి, ముందువైపు 3 మిల్లీమీటర్లు కోయకుండా వదలాలి. గాట్లు దగ్గరదగ్గరగా ఉండాలి, దూరదూరంగా ఉంటే ముందువైపు నున్నటి వంపుకు బదులు ముక్కలు ముక్కలుగా విరిగినట్టు కనిపిస్తుంది. గోడ లోపలికి గుంటగా ఉంటే మాత్రం కథ తిరగబడుతుంది. అవే గాట్లు నోళ్లు తెరుస్తాయి, పైఅంచు మీద పళ్లలా బయటపడతాయి, లోతైన గాటు దగ్గర పట్టీ పుటుక్కున విరుగుతుంది. ఈ తేడా గురించి వీడియోలో ఒక్క ముక్క లేదు. పిన్ని వాళ్ల గోడ గుంట గోడ.

దానికి సరైన దారి పొరలు. 3 మిల్లీమీటర్ల పలుచని టేకు పట్టీలు నాలుగు, మధ్యలో నీటికి తట్టుకునే జిగురు. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి అంటించే ముందు అసిటోన్ అనే ద్రావకంతో తుడవాలి, లేకపోతే పొరలు విడిపోతాయి. గోడ వంపుకు తగ్గ అచ్చు మీద క్లాంపులతో బిగించి ఒక రోజు కదపకూడదు. విప్పాక కాస్త వెనక్కి సాగుతుంది గనుక అచ్చును గోడకంటే కొంచెం ఎక్కువ వంపుతో చేసుకోవాలి. వంపు కొలవడానికి గుంటలో రెండు చోట్ల ఆనేలా దారం లాగి కట్టండి. దారం పొడవు మీటరు, దాని మధ్య నుంచి గోడకు లోతు 10 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. సగం దారం వర్గానికి (50×50) లోతు వర్గం (10×10) కలిపి, లోతుకు రెట్టింపుతో (20) భాగిస్తే వ్యాసార్ధం 130 సెంటీమీటర్లు.

ఇక టేకు. చాలా చెక్కలకంటే తక్కువ కదులుతుంది, అంతే. తేమకు చెక్క పెరిగేది ముఖ్యంగా వెడల్పులో, పొడవులో దాదాపు ఏమీ ఉండదు. నిలబెట్టిన పట్టీకి ఆ వెడల్పే ఎత్తు. అందుకే పిన్ని వాళ్లింట్లో మళ్లీ వేసినప్పుడు పట్టీని నేలకు ఆనించకుండా 2 మిల్లీమీటర్లు పైకి ఉంచాం. రోజూ తడిగుడ్డ తగిలే ఆ అడుగు అంచుకు మూడు పూతలు వార్నిష్ వేశాం.