కొండలూ నీళ్లూ ఉచితం, సైడర్‌కే బిల్లు

బల్ల చుట్టూ పన్నెండు మందిమి కూర్చున్నాం. ఆపిల్ రసం పులియబెట్టి చేసే సైడర్ గ్లాసులు మాత్రం పదకొండు మంది ముందే ఉన్నాయి. పన్నెండో మనిషి మమ్మల్ని నార్వేలోని బెర్గెన్ నుంచి తీసుకొచ్చిన డ్రైవర్. గైడూ అతనే. అతని ముందు ఆపిల్ జ్యూస్ పెట్టారు. "ఒక్క గుక్క అయినా..." అని మాలో ఒకాయన మొహమాటానికి అడిగితే నవ్వి తల అడ్డంగా ఊపాడు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని మన సామెత. ఆపిల్ చెట్టు కింద కూర్చున్న ఆ మనిషికి ఆ భయం లేదు. అక్కడ అనుమానాలతో పని లేకుండా పోలీసు యంత్రమే తేల్చేస్తుంది.

నార్వేలో వంద మిల్లీలీటర్ల రక్తంలో 20 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం. మన దేశంలో ఆ గీత 30 దగ్గర ఉంది. అక్కడా 2001 దాకా 50 ఉండేది, ఆ ఏడాది తగ్గించారు. జరిమానాను మనిషి సంపాదనను బట్టి లెక్కగడతారు కాబట్టి డబ్బున్నవాడికీ నొప్పి తెలుస్తుంది. ఒక గ్లాసు సైడర్ తాగి స్టీరింగ్ పట్టుకోవాలంటే జంకాల్సిందే. ఇక ఆ తోటలేమో రైలు రాని లోయల్లో, ఇరుకు రోడ్ల పక్కన, ఫెర్రీ దాటితే గానీ చేరలేని ఒడ్డున ఉంటాయి. సొంత కారులో వచ్చినవాడు తాగలేడు, తాగాలనుకున్నవాడు కారులో రాలేడు. ఈ చిక్కుముడి విప్పడానికి పుట్టిందే 'ఫ్యోర్డ్ అందాలు, సైడర్ రుచులు' అనే ఒక్కరోజు టూర్ (ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ). బ్రోషర్ దాన్ని విలాసమన్నట్టు అమ్ముతుంది. నా మటుకు అది నార్వే మద్యం చట్టాలు కన్న బిడ్డ. ఆ చట్టాల్ని పక్కన పెట్టి చూస్తే ఈ టూర్ సగమే అర్థమవుతుంది.

ముందు చోటు సంగతి. బెర్గెన్‌లో ఏటా 2,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అంటే హైదరాబాద్‌కు రెండున్నర రెట్లకు పైనే. మేం బయల్దేరినప్పుడూ పడుతూనే ఉంది. తూర్పుగా గంటన్నర ప్రయాణిస్తే నూర్‌హైమ్‌సుండ్. అక్కడి స్టైన్స్‌డాల్స్‌ఫొసెన్ జలపాతం వెనక్కి నడిచి వెళ్లొచ్చు, నీటి తెర లోపలి నుంచి లోయను చూడొచ్చు. అందరూ ఫొటోలు దిగుతారు, మేమూ దిగాం. ఆ తర్వాత హార్డాంగెర్ ఫ్యోర్డ్ ఒడ్డునే ప్రయాణం. దీని పొడవు 179 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల 800 మీటర్లు దాటుతుంది. నార్వేలో ఇంతకంటే పొడవైనది సోగ్నె ఫ్యోర్డ్ ఒక్కటే. మనవాళ్లు ఫొటో చూసి పాపికొండలతో పోల్చేస్తారు. పోలిక కంటికి సరిపోతుంది గానీ అక్కడ పారేది నది కాదు. మంచు యుగాల్లో హిమానీనదాలు తొలిచిన లోయలోకి సముద్రమే వంద కిలోమీటర్లకు పైగా చొరబడింది. కొండ అంచున నిలబడి చూస్తే, కింద ఉన్నది ఉప్పునీరని ఎవరో చెప్పేదాకా తోచదు.

క్వాన్‌దాల్‌లో బస్సుతో సహా ఫెర్రీ ఎక్కి, ఇరవై నిమిషాల్లో ఉట్నెలో దిగాం. అక్కడి చెక్క హోటల్ 1722 నాటిది. అక్కడి నుంచి దక్షిణానికి చీలిన పాయే సోర్‌ఫ్యోర్డ్. సైడర్ కథంతా ఈ పాయకు రెండు వైపులా ఉన్న వాలుల మీదే.

అరవై డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఆపిల్ ఎలా పండుతుంది? అదే అక్షాంశంలో ఉన్న గ్రీన్‌లాండ్ కొన మంచూ బండరాళ్లూ తప్ప చూపించదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల ఈ నీళ్లు గడ్డకట్టవు. పడమటి గాలుల వాననేమో ఫొల్గెఫొన్నా హిమానీనదాన్ని మోసే పర్వతం చాలావరకు అడ్డుకుంటుంది. అందుకే బెర్గెన్ తడిసి ముద్దవుతున్న రోజున ఇక్కడ ఎండ కాయొచ్చు. ఏటవాలు నేల చలిగాలిని కిందికి జార్చేస్తుంది. వేసవిలో పగలు పద్దెనిమిది, పంతొమ్మిది గంటలుంటుంది, అయినా ఎండలో తీక్షణత ఉండదు. కాయ నెమ్మదిగా పండుతుంది. అందుకే దాని పులుపు కరిగిపోదు, వాసనా నిలుస్తుంది. నార్వేలో పండే పండ్లలో దాదాపు 40 శాతం హార్డాంగెర్ నుంచే వస్తాయని లెక్క.

ఈ విద్య ఎవరు తెచ్చారంటే సన్యాసుల పేరు చెబుతారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ మఠవాసులు 1146లో బెర్గెన్ దగ్గర లీసెలో మఠం కట్టారు. పదమూడో శతాబ్దంలో ఆ మఠానికి సోర్‌ఫ్యోర్డ్ ఒడ్డునున్న లోఫ్తుస్ అనే ఊరి దగ్గర ఊపెదాల్‌లో భూమి ఉండేది, పండ్ల సాగు అక్కడ మొదలైంది. లోఫ్తుస్ పైన కొండకు వాళ్లు పరిచారని చెప్పే 616 రాతిమెట్లు ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి. గైడ్ ఈ కథ చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, భక్తిగా చెప్పాడు. టూర్‌కు ఒక పురాణం కావాలి కదా.

నన్ను ఎక్కువ ఆపింది మాత్రం మఠం కథ కాదు, 2016లో మారిన ఒక నిబంధన. నార్వేలో ఆల్కహాల్ 4.7 శాతం దాటిన మద్యాన్ని సీసాల్లో అమ్మే హక్కు 1922లో పెట్టిన ప్రభుత్వ సంస్థ విన్‌మొనొపొలెది. శనివారం సాయంత్రానికల్లా మూసేస్తుంది, ఆదివారం తీయదు. 2019 నుంచి 2024 దాకా ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ మద్యం దుకాణాలు చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించకపోవచ్చు, ఒక్క తేడా తప్ప: అక్కడి దుకాణంలో అడిగిన బ్రాండు దొరుకుతుంది. దీనికి తోడు 1975 నుంచి మద్యం ప్రకటనల మీద నిషేధం ఉంది. ఇప్పుడు హార్డాంగెర్ రైతును తలచుకోండి. తన తోట ఆపిల్‌తో మంచి సైడర్ చేస్తాడు. తన గేటు దగ్గర అమ్మకూడదు, పేపర్లో ప్రకటన ఇవ్వకూడదు. ప్రభుత్వ దుకాణం అరల్లో చోటు దొరికేదాకా కాచుకోవాలి. 2016లో ఆ గేటు తెరిచారు. స్థానిక మున్సిపాలిటీ అనుమతి ఉంటే, 22 శాతం లోపు సైడర్‌నూ పండ్ల వైన్‌నూ తయారైన చోటే కొనేవారి చేతికి ఇవ్వొచ్చన్నారు. అంతకుముందే, 2009లో, 'హార్డాంగెర్ సైడర్' అన్న పేరుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టాలంటే ఆపిల్ అంతా అక్కడిదే కావాలి.

ఈ రెండూ కలిశాక రైతు లెక్క మారిపోయింది. ఆపిల్ సాగులో ప్రతి ఏడూ కొంత పంటకు మచ్చ పడుతుంది, కొంత సైజు రాదు. సూపర్‌మార్కెట్ తీసుకోదు. ఒకప్పుడది జ్యూస్ ధరకు పోయేది. ఇప్పుడు దాన్నే పిండి, చల్లని గదిలో నెలల తరబడి పులియబెట్టి, కొన్నింటిని షాంపేన్ పద్ధతిలో సీసాలోనే రెండోసారి పులియనిచ్చి, అమ్మకానికి పెడుతున్నారు. తోటంతటిలోకీ ఖరీదైన సరుకు అదే. ప్రకటన నిషేధం మాత్రం అలాగే ఉంది. మరి కొనేవాడికి తెలిసేదెలా? మనిషినే తోటకు రప్పించాలి. టూర్ బస్సు ఆ ప్రకటన పని చేస్తోంది, చట్టం దాటకుండా. 1975 నాటి నిషేధం, 2001 నాటి పరిమితి, 2016 నాటి సడలింపు, ఈ మూడింటి మధ్య మిగిలిన సందులోంచే మా బస్సు దూరి వచ్చింది. పర్యాటక శాఖలో ఎవరో కూర్చుని గీసిన పథకమేమీ కాదిది.

రుచి సంగతి చెప్పకపోతే అన్యాయం. మూడు రకాలు పోశారు. మొదటిది తీపి లేనిది. నురగ సన్నగా పైకి పాకుతోంది. ముక్కుకు ఆపిల్, నాలుకకు నిమ్మ. ఇంగ్లండ్ పల్లెల సైడర్‌లో నేరేడు పండు తిన్నట్టు వగరు తగులుతుంది, ఎందుకంటే అక్కడ అందుకే పెంచిన చేదు ఆపిల్ వాడతారు. హార్డాంగెర్‌వి గ్రావెన్‌స్టైన్, డిస్కవరీ, సమ్మర్‌రెడ్, అరోమా లాంటి తినే ఆపిల్. వగరు తక్కువ, పులుపు ఎక్కువ. చింతపండు చారుతో పెరిగిన నాలుకకు ఇబ్బందేమీ లేదు. తీపి రకం బాగుందని మా గుంపులో ఎక్కువమంది అన్నారు. నాకు మొదటిదే నచ్చింది.

అసలు ఫిర్యాదు ఇక్కడే. పది గంటల టూర్‌లో తోటలో ఉన్నది గంటా పది నిమిషాలు. మిగతాదంతా అద్దం లోంచి కొండలు, దారిలో జలపాతం, ఫొటో కోసం మూడు ఆగుళ్లు. రైతు కొడుకు చెట్ల మధ్యకు తీసుకెళ్లి కొమ్మ కత్తిరింపు చూపించబోతుంటే గైడ్ వాచీ చూసుకున్నాడు. ఫెర్రీ వేళ తప్పితే మళ్లీ కాచుకోవాలి, అతని తప్పేం లేదు. తప్పు అమరికది. కొండకూ నీటికీ మనం పైసా ఇవ్వం. రోడ్డు, మరుగుదొడ్డి, చెత్త ఖర్చు ఆ ఊరిది. ఆ ఊళ్లో డబ్బు దిగే చోటు తోట గేటు ఒక్కటే, టూర్ తక్కువసేపు ఆగేది దాని దగ్గరే. 2025లో నార్వే పార్లమెంటు పర్యాటకుల తాకిడి ఎక్కువున్న మున్సిపాలిటీలు గరిష్ఠంగా 3 శాతం రుసుము వేసుకోవచ్చని చట్టం చేసింది. అదేమో రాత్రి బసల మీద, క్రూయిజ్ ఓడల మీద. పొద్దున వచ్చి సాయంత్రం బెర్గెన్ చేరిపోయే మా బస్సు ఆ వలలో పడదు. పడుకునేది బెర్గెన్‌లో, తొక్కేది ఈ తోటలున్న ఉల్లెన్స్‌వాంగ్ మున్సిపాలిటీ నేలను.

జనం వెల్లువంటే ఏమిటో ఈ లోయకు బాగా తెలుసు. సోర్‌ఫ్యోర్డ్ కొసన ఒడ్డా అనే ఊరుంది (పేరు మన చెవికి ఒడ్డులా వినిపిస్తుంది, నిజానికి ఫ్యోర్డ్‌కు ఆఖరి ఒడ్డే అది). దానికి దగ్గరలో ట్రోల్‌టుంగా, గాలిలోకి నాలుకలా చాచిన రాయి. 2010 ప్రాంతంలో ఏడాదికి వెయ్యి మందైనా ఎక్కని చోటది. సెల్ఫీ పుణ్యమా అని 2016 నాటికి 80 వేల మంది దాకా పెరిగారు. అలసిపోయిన వాళ్లను కిందికి దించే పని స్థానిక వాలంటీర్ల మీద పడింది. ఇంకా వెనక్కి వెళ్తే మరో పాఠం. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఒడ్డా యూరప్ సంపన్నుల విడిది, జలపాతాలే ఆకర్షణ. 1908 నాటికి ఆ జలపాతాలు గొట్టాల్లోకి వెళ్లి కరెంటయ్యాయి, ఒడ్డున కార్బైడ్ ఫ్యాక్టరీ లేచింది, తర్వాత జింక్. పర్యాటకులు పోయారు, కార్మికులు వచ్చారు. 1980ల మధ్యదాకా లోహ వ్యర్థాలు ఫ్యోర్డ్ లోకే వెళ్లాయి. అక్కడి చేప తినొద్దని హెచ్చరికలు పెట్టిన కాలముంది. బ్రోషర్‌లో 'నిర్మల జలాలు' అని రాసే చోట ఈ ముక్క ఉండదు. మా గైడ్ కూడా ఫ్యాక్టరీల వైపు బస్సు తిప్పలేదు. తిప్పుంటే టూర్ పాడైపోయేదని నేననుకోను. ఆపిల్ చెట్టూ జింక్ పొగా ఒకే లోయలో తరాల పాటు కలిసి బతికిన సంగతి, మఠం మెట్ల కంటే ఆసక్తి కలిగించేదే.

ఇదంతా చూస్తుంటే మన గీత కార్మికులు గుర్తుకు రావడం సహజం. కల్లు కూడా సైడర్ లాంటిదే: ఒక చెట్టుది, ఒక ఊరిది, దూరం పోతే చెడుతుంది. తెలంగాణలో గీత సహకార సంఘాలకూ, చెట్టు గీసేవాడికి విడిగానూ లైసెన్సులున్నాయి. అంటే చెట్టు కింద అమ్మే హక్కు మనవాడికి నార్వే రైతు కంటే చాలా ముందే ఉంది. అయినా 2023లో ప్రభుత్వం నీరా కేఫ్ పెట్టింది తాటివనంలో కాదు, హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద. పులియని నీరా వేరు, కల్లు వేరు, ఒప్పుకుంటాను. కానీ దిశ చూడండి. నార్వే మనిషిని చెట్టు దగ్గరికి తీసుకెళ్లింది, మనం చెట్టు రసాన్ని మనిషి దగ్గరికి తెచ్చాం. మొదటి దారిలో డబ్బు ఊళ్లో దిగుతుంది. రెండో దారిలో ఐస్ డబ్బాకూ, రవాణాకూ, నగరంలో అద్దెకూ పోయాక మిగిలింది ఊరు చేరుతుంది. చెట్టెక్కి పడి నడుం విరిగినవాడి పరిహారం మాట అటుంచి, అతను మోకు బిగించి ఎక్కే తీరు చూడటానికి టికెట్ కొనేవాళ్లు లేరనుకోవడానికి నాకైతే కారణం కనబడదు. అడ్డొచ్చేది గిరాకీ కాదు, నామోషీ. కల్తీ కల్లు తెచ్చిన చెడ్డపేరూ చిన్నదేం కాదు. హార్డాంగెర్ సీసా మీద ఆపిల్ రకం, తోట పేరు, సంవత్సరం ఉంటాయి. మన లొట్టి మీద ఏమీ ఉండదు.

వచ్చేటప్పుడు గేటు దగ్గరి చిన్న దుకాణంలో అందరం క్యూ కట్టాం. ధర చూసి మనసులో రూపాయల్లోకి మార్చుకుని, మార్చుకోకుండా ఉండాల్సిందని అనుకున్నాను. భారత కస్టమ్స్ ఒక్కొక్కరికి రెండు లీటర్ల దాకా ఒప్పుకుంటుంది, కాబట్టి 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు తీసుకున్నా. డ్రైవర్ నా వెనకే నిలబడి తన ఇంటికి ఒకటి కొన్నాడు, సాయంత్రం బండి తాళాలు అప్పగించాక తాగడానికట. మూడో సీసా అమ్మ కోసం, గ్రావెన్‌స్టైన్ జ్యూస్. దానికి లీటర్ల లెక్క లేదు.