బిల్లులో దూరే ఆ పది శాతం
ఉప్పల్‌లో మ్యాచ్ చూసి, ట్రాఫిక్ ఈదుకుంటూ వచ్చి ఇంటిల్లిపాదీ బిర్యానీకి కూర్చుంటే, చివర్లో బిల్లు మీద 'సర్వీస్ ఛార్జ్ 10 శాతం'! తిన్నది 2,400 అయితే ఇది 240. అక్కడితో ఆగుతుందా? ఆ 240 మీద మళ్లీ 5 శాతం జీఎస్టీ, ఇంకో 12. మొత్తం 252 రూపాయలు ఉత్త పుణ్యానికి. ఇంకో ప్లేటు చికెన్ 65 వచ్చేది కదా!

అడగకుండా దీన్ని బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025లో సమర్థించింది. అయినా తీసేయమంటే క్యాషియర్ మనల్ని పిసినారిని చూసినట్టు చూస్తాడు. పక్కన చుట్టాలుంటే మన మొహమాటమే హోటల్ వాళ్లకి లాభం. డబ్బు కట్టకముందే అడగండి, కట్టాక రాబట్టుకోవడం తలనొప్పి. మొండికేస్తే బిల్లు ఫొటో తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వెయిటర్‌కి ఇవ్వాలనిపిస్తే నేరుగా చేతికే ఇవ్వండి.