సవరణ: వాలాండర్ నవలల వరుస

స్వీడిష్ రచయిత హెన్నింగ్ మాంకెల్ పోలీసు నవలల గురించి మొన్న రాసిన పోస్టులో 'ద మ్యాన్ హూ స్మైల్డ్'ను 'ఫైర్‌వాల్' తర్వాత చదవమన్నాను. అది తప్పు. ఇంగ్లీషులో 2005లో వచ్చింది కాబట్టి సిరీస్‌లో చివరిదనుకున్నాను. స్వీడిష్‌లో అది 1994లోనే వచ్చిన నాలుగో నవల.

ఈ తేడా చిన్నది కాదు. మూడో నవల 'ద వైట్ లయనెస్'లో ఈ సిరీస్ హీరో ఇన్‌స్పెక్టర్ కర్ట్ వాలాండర్ చేతిలో ఒక మనిషి చనిపోతాడు. ఆ భారంతోనే 'ద మ్యాన్ హూ స్మైల్డ్' మొదట్లో లీవు మీద ఉండి, డెన్మార్క్‌లోని స్కాగెన్ సముద్రతీరంలో ఒంటరిగా నడుస్తుంటాడు. ఉద్యోగం మానేద్దామనే నిర్ణయానికి వచ్చేశాడు. సాయం అడగడానికి వచ్చిన లాయరు స్నేహితుణ్ణి కూడా వెనక్కి పంపేస్తాడు. 'ద వైట్ లయనెస్' మనసులో పచ్చిగా ఉన్నప్పుడు చదివితేనే ఈ సీను గుండెకు తగులుతుంది. పైగా పోలీసు అధికారిణి ఆన్-బ్రిట్ హోగ్లుండ్, వాలాండర్ పనిచేసే ఈస్టాడ్ స్టేషన్లో కొత్తగా చేరేది 'ద మ్యాన్ హూ స్మైల్డ్'లోనే. ఇంగ్లీషు పాఠకులకు మాత్రం 1999లో 'సైడ్‌ట్రాక్డ్' ద్వారా ఆవిడ ముందే పరిచయమైపోయింది!

రెండో నవల 'ద డాగ్స్ ఆఫ్ రీగా' కథా అంతే, ఇంగ్లీషులోకి 2001లో గానీ రాలేదు.

కాబట్టి సరైన వరుస ఇది: 'ఫేస్‌లెస్ కిల్లర్స్' (1991), 'ద డాగ్స్ ఆఫ్ రీగా', 'ద వైట్ లయనెస్', 'ద మ్యాన్ హూ స్మైల్డ్', 'సైడ్‌ట్రాక్డ్', 'ద ఫిఫ్త్ వుమన్', 'వన్ స్టెప్ బిహైండ్', 'ఫైర్‌వాల్' (1998). నా మాట నమ్మి ఇప్పటికే మొదలుపెట్టినవాళ్లు నన్ను క్షమించాలి. 'ద వైట్ లయనెస్' దగ్గర ఉన్నవాళ్లు, తర్వాత నేరుగా స్కాగెన్‌కే వెళ్లండి.