సవరణ: తొలి రైతులు స్థిరపడింది నది ఒడ్డునేనా?

ప్రాచీన వ్యవసాయ గ్రామాల గురించిన ముందు పోస్టులో "తొలి రైతులు పెద్ద నదుల ఒడ్డునే స్థిరపడ్డారు" అని ఉంది. దాన్ని "నదులు మలిచిన నేలల మీద స్థిరపడ్డారు" అని మార్చాను. చూడ్డానికి చిన్న మార్పే, కానీ అసలు విషయమంతా అందులోనే ఉంది.

రాజస్థాన్‌లోని కాళీబంగన్‌నే తీసుకోండి. ఈ హరప్పా పట్టణం ఘగ్గర్ అనే వానాకాలపు నది పక్కన ఉంది కాబట్టి, అప్పట్లో అక్కడ హిమాలయాల నుంచి ఓ పెద్ద నది పారేదని చాలామంది అనుకున్నారు. కానీ 2017లో వెలువడిన ఒక పరిశోధనలో పాత ఇసుక పొరల వయసు లెక్కగడితే, ఒకప్పుడు అక్కడ పారిన సట్లెజ్ నది సుమారు 8000 ఏళ్ల కిందటే ఆ దారి వదిలేసిందని తేలింది. హరప్పా పట్టణాలు ఎదిగింది అంతకు ఎన్నో వేల ఏళ్ల తర్వాత. అంటే వాళ్లు ఎంచుకున్నది పెద్ద నది వదిలి వెళ్లిన లోయను! వానాకాలం నీరు ఆ పల్లంలోకి చేరేది, సన్నని ఒండ్రు పరిచేది. ఊరినే ముంచేసే వరదల టెన్షన్ మాత్రం తక్కువ. నా దృష్టిలో ఇది చాలా తెలివైన ఎంపిక.

దక్షిణ మెసొపొటేమియాలో (నేటి ఇరాక్) పరిస్థితి వేరు. యూఫ్రటీస్ పొంగినప్పుడల్లా బరువైన ఒండ్రు నది పక్కనే దిగి, అక్కడి నేల చుట్టుపక్కల మైదానం కన్నా ఎత్తుగా పెరిగింది. గట్టుకు గండి కొడితే నీరు తనంతట తానే పొలాలకు దిగేది.

అలాగని వరద మైదానాల్లో ఎవరూ ఉండలేదని కాదు. మొహెంజొదారో సింధు వరద మైదానంలోనే ఉంది, కాకపోతే ఎత్తైన వేదికల మీద కట్టారు.