పంపు ముందు పోయింది, పంచరు వెనకుండిపోయింది

పద్నాలుగు మందిమి బయల్దేరాం. ఇప్పుడు అందరి ఫోన్లలో తిరుగుతున్న ఫొటోలో పదకొండు మందే ఉన్నారు. కింద "టీమ్ అంటే ఇదీ" అని రాసి ఉంది. ఫొటోలో లేని ముగ్గురిలో నేనొకణ్ని. అందుకే ఈ పోస్టు. పొడుగైతే ఏమనుకోకండి, రెండు రోజులుగా లోపల ఉడుకుతోంది.

ఆదివారం తిరుపతి నుంచి హార్స్‌లీ హిల్స్‌కు సైకిళ్ల మీద పోవాలని ప్లాన్. దాదాపు 140 కిలోమీటర్లు, ఒకవైపే. రాత్రికి సైకిళ్లతో సహా వ్యాన్లో వెనక్కి. నాలుగున్నరకు అన్నమయ్య సర్కిల్ దగ్గర టీ తాగి కదిలాం. చీకట్లో చంద్రగిరి కోట ఎప్పుడు దాటామో కూడా తెలీలేదు. రంగంపేట దాటాక తెల్లవారింది. అంతవరకు మాత్రం ఎంత బాగుందో! ముందువాడు గుంత చూసి చెయ్యి కిందికి చూపిస్తాడు, ఆ సైగ ఒకరి నుంచి ఒకరికి పద్నాలుగో మనిషి దాకా వస్తుంది. నేను ఈ పిచ్చిలో పడిందే ఆ సైగ చూసి.

భాకరాపేట ఘాట్ మొదలవగానే సైగలన్నీ బంద్.

ఎందుకో కాస్త చెప్పాలి. చదును రోడ్డు మీద మనం పడే కష్టంలో ఎక్కువ భాగం గాలితోనే. ముందువాడి చక్రానికి దగ్గరగా నడిపితే మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుంది. అందుకే బలహీనుడు కూడా బలవంతుడి వెనక నెట్టుకొస్తాడు. ఘాట్‌లో వేగం గంటకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లకు పడిపోతుంది. ఆ వేగంలో గాలి లెక్కే కాదు. ఎవరి బరువు వాళ్లే పైకి మోసుకోవాలి, ఎవరి వెనకున్నా లాభం లేదు. గుంపు చీలడం అక్కడ సహజం. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. చీలిన గుంపు మళ్లీ ఎక్కడ కలవాలో ఎవరూ అనుకోకపోవడమే తప్పు.

ఇంతకీ ఏమైందంటే, సగం ఘాట్ ఎక్కాక నా ముందు పోతున్న అమ్మాయి సైకిలుకు పంచరు. తుమ్మముల్లు. ఎమ్మెస్సీ చదువుతోంది, గ్రూపులోకొచ్చి రెండు నెలలు కాలేదు, వంద దాటి తొక్కడం ఇదే మొదటిసారి. నా దగ్గర కొత్త ట్యూబు ఉంది. పంపు లేదు. ముందురోజు మా కెప్టెన్ మెసేజ్ పెట్టాడు: "పంపు, పానాలు నేను తెస్తున్నా, ఎవరూ బరువు మోసుకు రావద్దు." నేను నమ్మి పంపు ఇంట్లో పెట్టి వచ్చాను. అది నా బుద్ధితక్కువ, ఒప్పుకుంటాను. కానీ ఆ పంపు ఎక్కడుంది? అందరికంటే ముందు, కొండపైన, అప్పటికే దిగుడులో పడి పీలేరు వైపు పోతోంది.

ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. పోనీ రోడ్డు పక్కన నిలబడదామంటే అది మామూలు రోడ్డా? 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్నవాళ్ల బస్సు లోయలో పడింది ఈ ఘాట్‌లోనే. మలుపు తిరిగి టమోటా లారీ వచ్చిన ప్రతిసారీ ఆ అమ్మాయి గోడ వైపు జరిగేది. "అన్నా, వాళ్లు వెనక్కి చూసుకోరా?" అని అడిగింది ఒకసారి. నేనేం చెప్పను?

ఒక పాల ఆటో అతను ఆపి సీటు కింద నుంచి ఫుట్ పంపు తీసిచ్చాడు. దేవుడిలా వచ్చాడనుకున్నాం. అది వాల్వుకు పట్టదే! ఈ రకం గేర్ల సైకిళ్ల ట్యూబులకు ప్రెస్టా అని సన్నటి వాల్వు ఉంటుంది. మన స్కూటర్ల పంపులు లావు వాల్వుకే పడతాయి. నలభై వేల సైకిలు, గాలి కొట్టించుకునే గతి లేదు.

అప్పుడు పైనుంచి దిగుతూ వచ్చాడు మా పెద్దాయన. లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, అరవై దాటాయి. పైదాకా ఎక్కి, మేం ఎంతకీ రాకపోయేసరికి మళ్లీ కిందికి దిగాడు. ఎక్కిన ఘాట్ దిగడమంటే మళ్లీ ఎక్కాలని అర్థం, సైకిలు తొక్కేవాళ్లకు చెప్పక్కర్లేదు. "ఏమైంది నాయినా?" అన్నాడు. జేబులోంచి సన్న వాల్వుని లావు వాల్వుగా మార్చే గోరంత ఇత్తడి మూత తీసి వాల్వుకు తిప్పాడు. ఆటో పంపు పట్టేసింది. ఐదు నిమిషాల పని. అప్పటికి మేం అక్కడ పడి ముప్పావు గంట దాటింది.

పీలేరుకు చేరేసరికి మిగతావాళ్లు టిఫిన్లు చేసి వెళ్లిపోయారు. హోటలాయనే చెప్పాడు, "మీవాళ్లు పోయి అరగంటైంది" అని.

సాయంత్రం ఇదంతా గ్రూపులో పెడితే వచ్చిన జవాబు వినండి: "ఇది లాంగ్ డిస్టెన్స్ రైడ్. ఆడాక్స్ పద్ధతి. ఎవరి బాధ్యత వాళ్లదే." నాకు అసలు మండింది ఇక్కడ. ఆడాక్స్ పేరు ఎత్తారు కాబట్టి మాట్లాడుకుందాం. ఆడాక్స్ అంటే పందెం లేకుండా, ఇచ్చిన టైములోపల దూరం తొక్కే సైకిల్ రైడ్లు, అలాంటి ఒక్కో రైడ్‌ను బ్రెవే అంటారు. బ్రెవేలో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు టైమిస్తారు. ఆ టైములోపల వస్తే చాలు. ఫస్టు, సెకండు ర్యాంకులుండవు. ముందొచ్చినవాడికీ చివరొచ్చినవాడికీ దక్కే గుర్తింపు ఒకటే. ఎవరి సామాను వాళ్లు తెచ్చుకోవాలని ముందే చెప్తారు. "పంపు నేను తెస్తా, మీరు తేవద్దు" అని మెసేజ్ పెట్టి, తర్వాత ఎవరి బాధ్యత వాళ్లదే అనడం ఏ ఆడాక్సో నాకు తెలీదు.

ఇంకోటి. ఫ్రాన్సులో 1904 ప్రాంతంలో మొదలైన అసలు ఆడాక్స్ పద్ధతి గుంపుగా తొక్కడమే. రోడ్ కెప్టెన్ ముందుంటాడు, గంటకు 22.5 కిలోమీటర్ల వేగం పట్టి నడిపిస్తాడు, అతణ్ని దాటి ఎవరూ పోకూడదు. ఆ పద్ధతిలో తొక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అంటే ఆ పద్ధతి పుట్టిందే గుంపుని కట్టి ఉంచడానికి. మనవాళ్లు ఆ పేరుని గుంపుని వదిలేయడానికి వాడుతున్నారు. ఫోన్‌లో యాప్ యావరేజ్ స్పీడ్ చూపిస్తుంది కదా, ఆగితే ఎక్కడ పడిపోతుందోనని బెంగ. ఆగినప్పుడు లెక్క ఆపే సెట్టింగ్ అందులోనే ఉంది, అదైనా నేర్చుకోండి నాయనా.

మిగతా దారి సంగతి తొందరగా చెప్పేస్తాను. తిరుపతి 160 మీటర్ల ఎత్తులో ఉంటే మదనపల్లె 700 మీటర్ల దగ్గర ఉంది. ఘాట్ ఎక్కేశాం, అయిపోయిందనుకుంటాం కానీ పీలేరు నుంచి వాయల్పాడు మీదుగా రోడ్డు కంటికి చదునుగా కనిపిస్తూనే పైకి పోతుంటుంది. కాళ్లకే తెలుస్తుంది. ఎండ, ఎదురుగాలి. ముగ్గురం వంతులేసుకుని ముందు నడిపాం. ఆ అమ్మాయి కూడా తన వంతు తప్పించుకోలేదు.

వాయల్పాడులో మజ్జిగ తాగుతూ పెద్దాయన్ని అడిగాను, "ఆ ఇత్తడి మూత ఎప్పుడు కొన్నారు సార్?" అని.

"పోయినేడు తలకోన పోయొచ్చినామే, దాని మర్నాడు."

తలకోన రైడ్‌లో నేను ముందు గుంపులో ఉన్నాను. ఆయన రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి మేం జలపాతం కింద స్నానాలు చేసి బట్టలు మార్చుకుంటున్నాం. వయసైపోయింది కదా, నిదానంగా తొక్కుంటాడులే అనుకున్నాం. పంచరైందా, పడ్డావా, ఏమైంది అని ఒక్కడూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన మాత్రం "నీళ్లు చల్లగా ఉండాయా నాయినా?" అని అడిగాడు నన్ను. ఉన్నాయి అన్నాను. అంతే. ఆ మూత కథ తెలిశాక మజ్జిగ గొంతు దిగలేదు.

హార్స్‌లీ కొండ 1,265 మీటర్లు. కడప కలెక్టరుగా చేసిన హార్స్‌లీ ఎండలకు తట్టుకోలేక అక్కడ విడిది కట్టుకోబట్టి ఆ పేరొచ్చింది. అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మను ఏనుగులు సాకాయని చెప్తారు. ఏనుగులకు యావరేజ్ స్పీడ్ గొడవ లేదనుకుంటాను.

చివరి మలుపుల్లో ఆ అమ్మాయి రెండుసార్లు దిగి నడిచింది. మేమూ దిగి నడిచాం. పైకి చేరేసరికి ఐదు దాటింది. ఫొటో ఎప్పుడో అయిపోయింది, మొదటి వ్యాన్ వెళ్లిపోయింది. ముగ్గురం బజ్జీలు తిని రెండో వ్యాన్లో సైకిళ్ల మధ్య కూర్చుని వచ్చాం.

వచ్చే నెల రెండో ఆదివారం మళ్లీ తలకోన అంటున్నారు. నేను వస్తున్నాను. పంపు, రెండు ట్యూబులు, ఇత్తడి మూత నా దగ్గరే ఉంటాయి, నేను అందరికంటే వెనక వస్తాను. ముందు పోయేవాళ్లు మీ పంపు మీరు తెచ్చుకోండి.