వరికి ఈత నేర్పుదాం

పరిశోధనలను ప్రభుత్వాలు చదవవని నిందించేవారు 2010 నాటి సంగతి మరిచిపోయినట్టున్నారు. ఆ ఏడాది రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు, దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని పత్రం రాశారు. ఖర్చులు తెగ్గోయాలని ముందే తీర్మానించుకున్న పాలకులకు అది పురోహితుడు పెట్టిన ముహూర్తంలా అందివచ్చింది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి వాళ్ల ఎక్సెల్ పట్టిక తెరిచి చూస్తే, సగటులో ఐదు దేశాలను కలపనే లేదు. ఆ తప్పూ మిగతా లోపాలూ సరిదిద్దేసరికి, 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం కాస్తా 2.2 శాతమైంది. అప్పటికే కోతలు జోరుగా సాగుతున్నాయి. వరికోతలు కావు లెండి.

ఇంత చురుకు మన మురుగు కాలువల మీద ఎందుకు లేదని కోనసీమలో కొందరు అమాయకులు అడుగుతుంటారు. 2011 సార్వాకు (ఖరీఫ్‌కు) అక్కడి రైతులు ఊడ్పులు మానేసి పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదు, కూలీలు దొరకరు, వాన పడితే చేలో నీరు దిగదు అన్నారు. కారణాలు తేల్చమని ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి మోహన్ కందాతో కమిటీ వేసింది. 2022లో కోనసీమ రైతులు మళ్లీ విరామం ప్రకటించారు కాబట్టి, ఆ నివేదికను చెదలు పట్టకుండా భద్రపరిచారనే అనుకోవాలి.

అసలు ఉత్పాదకత (దిగుబడిని పెట్టుబడితో భాగిస్తే వచ్చేది) లెక్కలో పంట విరామం నష్టమే కాదు. పెట్టుబడి సున్నా, దిగుబడి సున్నా. సున్నాను సున్నాతో భాగిస్తే ఎంతో గణితం తేల్చలేదు కనుక, మంత్రిగారు తమకు నచ్చిన అంకె ప్రకటించుకోవచ్చు.

శాస్త్రం మాత్రం ఊరుకోలేదు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకానికి, రెండు వారాలు నీట మునిగినా తట్టుకునే గుణం చేర్చి 2009లో స్వర్ణ సబ్-1 విడుదల చేశారు. (ఆ గుణం ఒడిశా రైతుల పాత వంగడం నుంచి వచ్చింది. వాళ్లెవరూ ఏ కమిటీలోనూ సభ్యులు కారు.) శాస్త్రవేత్తలకు నిజంగానే దండం పెట్టాలి. కానీ పాలకులకు ఇందులో కనిపించవలసిన విధానం వేరు. కాలువ తవ్వాలంటే టెండర్లు, బిల్లులు, గట్టు మీది ఆక్రమణలు, వాటి వెనుక మనవాళ్లు. వరికి ఈత నేర్పితే ఈ తలనొప్పులు ఉండవు.

కనుక ఫిబ్రవరి 12న మొదలయ్యే జాతీయ ఉత్పాదకత వారోత్సవాల్లో, దాళ్వా (రబీ) చేలు పచ్చగా ఉండగానే, కొత్త వంగడాలకు నిధులు ప్రకటించాలి. తేమ 17 శాతం దాటకుండా మిల్లు గేటు దగ్గర తనను తానే ఆరబెట్టుకునే వరి ఒకటి. కౌలు రైతు పేరున బ్యాంకులో తానే జామీను ఉండే వరి ఇంకొకటి.

గుర్రపుడెక్కనూ వదలకూడదు. ఎరువు లేదు, రుణం లేదు, మద్దతు ధర లేదు, అయినా డ్రెయిన్ల నిండా ఏపుగా పెరుగుతోంది. డెల్టాలో ఇంతటి ఉత్పాదకత మరే పంటకూ లేదు. వెంటనే కమిటీ వేయాలి. క్షేత్ర పర్యటనకు పడవ ఖర్చు కూడా ఉండదు, సభ్యులు దాని మీదుగానే నడిచి అవతలి గట్టుకు చేరవచ్చు.