పెంపు వదులుకుంటే సరిపోదు
ప్రిన్సిపాళ్ల యూనియన్ నాయకుడు ఒకాయన 'కష్టకాలంలో ముందు జీతాల పెంపు వదులుకుని ఉద్యోగాలు కాపాడుకోవాలి' అన్న మాట నాకు సగమే నచ్చింది. పెంపు వదులుకున్నందుకు పోస్టులు తీసెయ్యం అని కాగితం మీద రాయించుకోకపోతే రెండూ పోతాయి. నేను అమెరికాలో ఒక స్కూల్ ఆఫీసులో పనిచేసేటప్పుడు, 2008 మాంద్యం తర్వాతి కోతల్లో మా అసిస్టెంట్ ప్రిన్సిపాల్ పోస్టు ఎగిరిపోయింది, పని మాత్రం ఎక్కడికీ పోలేదు. పొద్దున్నే బస్సుల దగ్గర వాకీటాకీతో నిలబడేదీ ప్రిన్సిపాలే, కొట్టుకున్న పిల్లల తల్లిదండ్రులకి సర్దిచెప్పేదీ ఆవిడే, ఇక టీచర్ల క్లాసులు చూసి రాయాల్సిన రిపోర్టులు సంచిలో వేసుకుని ఇంటికి మోసుకెళ్లేది. ఇదంతా బయటివాళ్లకి కనపడదు కదా, 'పైవాళ్లకి కూడా యూనియనా' అని నవ్వుతారు. (అక్కడ ప్రైవేటు రంగంలో సూపర్‌వైజర్లకి యూనియన్ పెట్టుకునే హక్కుకి చట్టం ఇచ్చే రక్షణ 1947 చట్టంతోనే పోయింది, ప్రభుత్వ స్కూళ్లలో ఏ రాష్ట్రం చట్టం దానిది.) 2010లో స్కూల్ ఉద్యోగాలు నిలబెట్టడానికి అక్కడి కేంద్ర ప్రభుత్వం 10 బిలియన్ డాలర్లు ఇచ్చింది, బాగానే ఉంది, కానీ అదే కాలంలో వెనకబడ్డ స్కూళ్లకిచ్చిన గ్రాంటులో స్కూల్‌ని దారిలో పెట్టడానికి నాలుగు పద్ధతులుంటే రెండింటికి పాత ప్రిన్సిపాల్‌ని మార్చాలన్నది షరతు. అంటే డబ్బు వచ్చినా కుర్చీకి గ్యారంటీ లేదు. అలాంటప్పుడు జీతం బేరం ఒక్కటే చూసుకునే నాయకుడి వల్ల ఏం ఒరుగుతుంది? ఒక పోస్టు తీసేస్తే ఏ పని ఎవరి నెత్తిన పడుతుందో లెక్క రాసుకుని వెళ్లి స్కూల్ బోర్డు మీటింగ్‌లో, తల్లిదండ్రుల ముందే చదవాలి.